బొలెరో తాళాలతో పాటు ఈ ఉత్తరం

కవిటి,
ఆదివారం రాత్రి

బాబూ,

ఇక్కడ నేనూ మామ్మా క్షేమం. మీ నాన్న నిన్న దోహా నుంచి ఫోన్ చేశారు, ఆయనా బాగున్నారు.

మన బొలెరోకి మొన్న శుక్రవారం ఫిట్‌నెస్ పరీక్ష అయింది. 2011లో కొన్న బండి కదా, ఈ ఏడాదితో 15 ఏళ్ళు నిండాయి. ఆర్‌సీ మరో 5 ఏళ్ళకి పొడిగించారు. ఇన్‌స్పెక్టరు గారు బ్రేకులు చూశారు, లైట్లు వేయించారు, వంగి చాసిస్ కింద కూడా చూశారు. సముద్రం పక్క ఊరి బండికి తుప్పు ఇంత తక్కువగా ఉందేమిటని అడిగారు. నేనే చూసుకుంటానండీ అని చెప్పాను. చెబుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో నీకు తెలుసు.

వచ్చేవారం నువ్వొచ్చి బండి విశాఖపట్నం తీసుకెళ్తానన్నావు. అచ్యుతాపురం వైపు సైట్లకి తిరగాలి, నీకు అవసరమే. తీసుకెళ్ళు. కానీ ఫోన్‌లో ఒక మాటన్నావు, "ఏదైనా వస్తే షెడ్డులో పడేస్తానమ్మా, నువ్వు టెన్షన్ పడకు" అని. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. షెడ్డుకి ఇవ్వొద్దని అనను. ఏదైనా వచ్చేదాకా ఆగొద్దంటాను. ఫోన్‌లో ఇంత చెప్పడం నాకు రాదు, అందుకని రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. అప్పుడు నువ్వు ఇంటర్ హాస్టల్లో ఉన్నావు, ఆ మూడు రోజులు ఫోన్లు కూడా కలవలేదు. ఆ గురువారం తాతకి డయాలసిస్ ఉంది. ఊళ్ళోంచి బయటికి దారే లేదు, ఎటు చూసినా కొబ్బరిచెట్లు, జీడిచెట్లు అడ్డంగా పడిపోయి ఉన్నాయి. శుక్రవారం సాయంత్రానికి తాత కాళ్ళు పొంగిపోయాయి, పడుకుంటే ఆయాసం. శనివారం పొద్దున్న కుర్రాళ్ళు గొడ్డళ్ళతో దారి చేశారని తెలిసి, తాతని వెనక సీట్లో కూర్చోబెట్టి సోంపేట బయలుదేరాను. ఫస్టు గేరు, సెకండు గేరు, ఆగడం, మళ్ళీ కదలడం. హైవే ఎక్కకముందే ఏదో తియ్యటి వాసన వచ్చింది. చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకి దగ్గరగా ఉంది. బోనెట్ లోంచి ఆవిరి.

బండి ఆపి, బోనెట్ ఎత్తి, పమిట చెంగు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. పక్కన ఆగిపోయిన లారీలోంచి ఒక ముసలి డ్రైవరు కేక వేశాడు. "తల్లీ, చెయ్యి తియ్యి! మూత తీసేవంటే మొహం మీదికొచ్చేస్తాది!" పరుగున వచ్చి నన్ను పక్కకి లాగాడు. లోపల ప్రెషర్ ఉన్నంతసేపు నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయట. మూత తిప్పగానే ఆ ప్రెషర్ పోయి, ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతాయట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఏడేళ్ళుగా నడుపుతున్న బండి అది.

అరగంట పైగా ఆగాం. తాత లోపల ఎగశ్వాస తీస్తున్నారు. ఆ అరగంట నేను ఇప్పటికీ మరచిపోలేను. చల్లారాక ఆ లారీ డ్రైవరు పైనున్న హోస్ పైపు విప్పి చూపించాడు. రేడియేటర్ దగ్గర, క్లిప్పు బిగించిన చోట రబ్బరు అంచు చీలింది. కత్తితో ఆ చీలినంత మేర, అంగుళం ముక్క కోసేసి, మిగిలిన పైపుని లాగి మళ్ళీ ఎక్కించి క్లిప్పు బిగించాడు. బోరింగు నీళ్ళు పోశాం. సోంపేట చేరాం. తాతకి ఆ రోజు డయాలసిస్ అయింది.

బాబూ, నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ పైపు చీలడం కాదు. ఆ క్లిప్పు చుట్టూ ఆకుపచ్చ మరక రెండు వారాలుగా నాకు కనిపిస్తూనే ఉంది. అద్దం కడిగే వాషర్ నీళ్ళు పోసినప్పుడల్లా చూశాను. అదేమిటో తెలియక ఊరుకున్నాను. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ సన్నగా కారి, ఎండి అలా మరక కడుతుంది. బండి రెండు వారాల ముందే చెప్పింది, నాకే అర్థం కాలేదు.

ఆ తర్వాతే సోంపేట మేస్త్రీ దగ్గర కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. తాత డయాలసిస్‌లో ఉన్న నాలుగు గంటలూ నేను షెడ్డులో ఉండేదాన్ని. మొదట్లో మేస్త్రీ పానా నా చేతికి ఇచ్చేవారు కాదు. నెల తర్వాత ఇచ్చారు. 2021లో తాత పోయేవరకు మళ్ళీ ఒక్క డయాలసిస్ రోజు కూడా బండి మనల్ని ఆపలేదు.

ఇప్పుడు నీ పని చెబుతాను. వారానికోసారి పొద్దున్నే, స్టార్ట్ చెయ్యకముందు బోనెట్ ఎత్తు. పది నిమిషాలు చాలు. బండి చదునుగా ఉన్న చోట నిలపాలి, లేకపోతే ఆయిల్ లెక్క తప్పుతుంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడు. ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడకు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే మసితో నల్లబడుతుంది, అది దాని పని చేస్తోందన్నమాట. కానీ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే మాత్రం స్టార్ట్ చెయ్యకు, ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయి. కూలెంట్ డబ్బాలో రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే కుళాయి నీళ్ళు పొయ్యకు, వాటి ఉప్పు లోపల పేరుకుపోతుంది. కలిపి అమ్మే కూలెంట్ డబ్బా ఒకటి వెనక సీటు కింద పెట్టాను.

తర్వాత బండి కింద నేల చూడు. రాత్రి బండి కింద ఒక పాత అట్టముక్క పరిచి ఉంచితే ఇంకా మంచిది. ఏసీ నీళ్ళు పడితే పర్వాలేదు. నల్లగా, జిడ్డుగా పడితే ఆయిల్, ఎక్కణ్ణుంచో వెతకాలి. పచ్చగా ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. చక్రం లోపలివైపు పల్చగా నూనెలా తడి కనిపిస్తే అది బ్రేకు ఆయిల్ కావచ్చు, ఆ రోజు బండి కదపకు. ఎంత అవసరమైనా సరే, ఆటోలో వెళ్ళు.

ఇంజిన్ ఆయిల్ నేను 7,000 కిలోమీటర్లకే మార్చేస్తాను. పాత బండికి అది ఖర్చు కాదు, తిండి. ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు దించితే మురికి కూడా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, చూసుకో. కింద బోల్టుకి కొత్త వాషర్ వెయ్యాలి. ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ వేలితో రాసి, చేత్తోనే బిగించు. పానాతో బిగిస్తే తర్వాతిసారి రాదు. దించిన ఆయిల్ మాత్రం కాలవలో, మట్టిలో పొయ్యకు నాన్నా. మన నూతి నీళ్ళు ఎలా ఉన్నాయో, మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళు కిడ్నీల జబ్బుతో ఉన్నాయో చూసిన పిల్లాడివి. నేను క్యాన్లో పట్టి మేస్త్రీకి ఇస్తాను, వాళ్ళు కొనుక్కునే వాళ్ళకి పంపుతారు. అక్కడా అలా తీసుకునే షెడ్డు వెతుక్కో.

డీజిల్ ఫిల్టర్ కింద చిన్న స్క్రూ ఉంటుంది, డీజిల్‌లో చేరిన నీళ్ళు అక్కడ నిలుస్తాయి. వాటిని అప్పుడప్పుడు గాజు గ్లాసులోకి దించు. నీళ్ళు అడుగున, డీజిల్ పైన విడివిడిగా నిలబడతాయి. ఫిల్టర్ మార్చాక గాలి పోయేదాకా చేతి పంపు నొక్కాలి, గట్టిపడ్డాక ఆపు. గాలి ఉంటే సెల్ఫ్ ఎంత తిప్పినా ఇంజిన్ అందుకోదు, బ్యాటరీ అయిపోతుంది.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. మూడేళ్ళ క్రితం శ్రీకాకుళంలో బండి స్టార్ట్ కాలేదు, టిక్ టిక్ అని ఆగిపోయింది. ఒక షెడ్డు వాళ్ళొచ్చి సెల్ఫ్ పోయింది, మొత్తం మార్చాలన్నారు. వేలల్లో చెప్పారు. నేను బ్యాటరీ మూత తీసి చూస్తే టెర్మినల్ చుట్టూ ఉప్పు పొంగినట్టు తెల్లగా, పచ్చగా పేరుకుని ఉంది. టీ కొట్టులో వేడినీళ్ళు, కిరాణా కొట్టులో వంటసోడా తెచ్చాను. పోసేసరికి నురగ వచ్చి కరిగిపోయింది. శుభ్రంగా తుడిచి బిగిస్తే ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. వాళ్ళు మోసం చేశారో, చూడకుండానే అన్నారో నాకు తెలియదు. వాళ్ళ మాట విని మార్పించి ఉంటే ఆ నెల మామ్మ మందుల డబ్బు పోయేది. విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తియ్యి, బిగించేటప్పుడు ఆఖర్న పెట్టు. ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలిందంటే నిప్పులు లేస్తాయి. అయ్యాక కొంచెం వేజలైన్ రాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరకు. తోట దగ్గర ఇసకలో ఒకసారి వెనక చక్రం పంచరైంది. జాకీ కింద పలక వేశాను, రాయి కూడా అడ్డం పెట్టాను, కానీ ముందు చక్రానికి పెట్టాల్సింది మరచి వెనకే పెట్టాను. చక్రం తీసి పక్కన పెట్టి, పడిన నట్టు తీద్దామని చెయ్యి లోపలికి పెట్టబోతుంటే మామ్మ పిలిచింది. అటు తిరిగాను. అంతే, బండి ఒరిగి జాకీ పక్కకి పడింది, బ్రేకు డ్రమ్ము ఇసకలోకి దిగబడింది. నా చెయ్యి ఉండాల్సిన చోట. ఆ రోజే బండి కింద ఆనించే రెండు స్టాండులు కొన్నాను. అవి బరువని ఇంట్లో వదిలెయ్యకు, డిక్కీలోనే ఉండాలి. తీసిన చక్రాన్ని కూడా బండి కింద పడుకోబెట్టు, బండి జారినా దాని మీద ఆగుతుంది. చక్రం నట్లు వరసగా కాకుండా ఎదురెదురువి బిగించు.

కింద వెనక చక్రాల్ని తిప్పే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది, దాని కీళ్ళకి, అంటే క్రాసులకి, గ్రీజు గన్ పెట్టి కొట్టేటప్పుడు ఓపిక పట్టు. ముందు నల్లటి పాత గ్రీజు, దాంతో పాటు ఇసక వస్తుంది. కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టాలి. నాకు ఈ పనంటే ఇష్టం. ఆ తర్వాత బండి కదిలేటప్పుడు కింద టక్ మనే చప్పుడు ఉండదు, ఆ నిశ్శబ్దం వింటే కడుపు నిండినట్టుంటుంది.

విశాఖలోనూ ఉప్పుగాలే. నెలకోసారి మంచినీళ్ళతో కింద కమాన్ పట్టీలు, చాసిస్ కడుగు. తలుపుల అడుగున చిన్న చిన్న కన్నాలుంటాయి, వాననీళ్ళు పోవడానికి. అవి మట్టితో పూడితే నీళ్ళు లోపలే నిలిచి తలుపు లోపల్నుంచి తుప్పు పడుతుంది. చీపురుపుల్ల పెట్టి తియ్యి. ఆ ఇన్‌స్పెక్టరు గారు అడిగినదానికి అసలు జవాబు చీపురుపుల్లే.

అన్నీ నువ్వే చెయ్యాలని కాదు. బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయో నువ్వే చూడు, మూడు మిల్లీమీటర్లకి వస్తే మార్పించు. బ్రేకు ఆయిల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్పించాలి. కానీ బ్రేకు సిలిండర్లు, స్టీరింగు, డీజిల్ పంపు మాత్రం చెయ్యి తిరిగిన మేస్త్రీకే వదిలెయ్యి. నేను వాటిని ముట్టను. విప్పినప్పుడు పక్కన నిలబడి చూడు, తీసిన పాత సామాను చేతిలోకి తీసుకుని చూడు. మంచి మేస్త్రీ అయితే సంతోషంగా చూపిస్తాడు.

డాష్‌బోర్డు డబ్బాలో నోటుపుస్తకం ఉంది. ఎప్పుడు ఏం మార్చామో, ఎన్ని కిలోమీటర్ల దగ్గరో అన్నీ అందులో ఉన్నాయి. మొదటి పేజీలు నీ రాతే. నాన్న సెలవుకి వచ్చినప్పుడు చెబుతుంటే నువ్వు పదేళ్ళ వయసులో రాశావు, "అయిల్ మార్చితిమి" అని. ఆ పేజీ చింపకు. ఇప్పుడు 2,14,000 దాటింది. ఇకమీద నువ్వు రాయి.

టైర్ల మీద నాలుగు అంకెలు చూసుకో, మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ముందు టైర్లు రెండూ ఫర్వాలేదు. స్టెప్నీ పాతది, సంక్రాంతి లోపు మార్చాలి, డబ్బులు నేను పంపుతాను.

ఒక్కటే మిగిలింది. ఎడమ వెనక తలుపు అద్దం దించకు, దించితే పైకి రాదు, చేత్తో లాగాలి. తాత కూర్చునే వైపు అది. నేను ఒక్కదాన్నీ విప్పగలను, కానీ నువ్వొచ్చేదాకా ఆపాను. శనివారం ఎండ ఎక్కకముందే వచ్చెయ్యి. పానాలు కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టాను, తలుపు అట్ట విప్పడానికి చిన్న స్క్రూ డ్రైవరు ఒక్కటి కనిపించడం లేదు. అక్కడ నీ గదిలో ఉందేమో చూసి తీసుకురా.

అమ్మ