ఇంకు పోయకుండా పాళీని పరీక్షించేదెలా?

గుంటూరు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ఇబోనైట్ (గట్టి రబ్బరు) ఐడ్రాపర్ పెన్నుకు 'ఫైన్' అని పంపిన పాళీలో లోపాలు, మార్చి ఇవ్వడానికి మీ నిరాకరణ గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైటులో కొన్న ఆకుపచ్చ, నలుపు చారల ఇబోనైట్ పెన్ను (డ్రాపర్‌తో ఒంట్లోకే ఇంకు పోసుకునే రకం, 6వ నంబరు ఫైన్ పాళీ, ధర 4,200 రూపాయలు, 'చేత్తో పాళీ ట్యూనింగ్' కింద మరో 400) రాతకు పనికిరావడం లేదు. పాళీ మార్చమని అడిగితే మీ కస్టమర్ కేర్ నుంచి వచ్చిన జవాబు ఇది: "ఇంకు పోసిన పెన్ను వాపసు తీసుకోము." పాళీలో లోపం ఉందో లేదో ఇంకు పోయకుండా తెలుసుకునే పద్ధతి మీ దగ్గర ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను.

లేత్ పని మీద నాకు ఫిర్యాదు లేదు. చారలు, పాలిష్, క్లిప్పు బిగువు, అన్నీ బాగున్నాయి. గొడవంతా ముందుభాగంతోనే.

మొదటిది గీత మందం. మీ పట్టికలో ఫైన్ అంటే 0.5 మి.మీ. అని ఉంది. 80 జీఎస్‌ఎం కాగితం మీద, పెన్ను బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా గీసిన గీతలను 1200 డీపీఐలో స్కాన్ చేసి చూశాను. ఆ స్కానులో ఒక్కో పిక్సెల్ సుమారు 0.021 మి.మీ. కాబట్టి 0.5 మి.మీ. గీత 24 పిక్సెళ్ల దగ్గర ఉండాలి. మీ పాళీ గీత 34 పిక్సెళ్లు, అంటే 0.7 మి.మీ. పైనే. స్కానర్ మీద నమ్మకం లేకపోతే గ్రాఫ్ కాగితం మీద పది గీతలు మధ్యలో తెలుపు కనపడకుండా పక్కపక్కనే గీసి మొత్తం వెడల్పు కొలవండి. 5 మి.మీ. రావాల్సిన చోట 7 దాటుతుంది. పాళీ మీద 'ఎఫ్' అని చెక్కి ఉంది, రాసేది మాత్రం మీడియం.

రెండు పిక్సెళ్ల తేడాకు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. కాగితాన్ని బట్టి, ఇంకును బట్టి ఆ మాత్రం తేడా ఉంటుంది. కానీ 0.7 మి.మీ. గీతతో మామూలు రూళ్ల నోట్‌బుక్కులో తెలుగు రాసి చూడండి. 'థ' కడుపులోని చుక్క పూడిపోయి 'ధ' అవుతుంది. 'ణ' లో సున్నాలు, 'క్ష' లో మెలికలు ముద్దకడతాయి. ఇంగ్లీషు రాసేవాడికి మీడియం పాళీ సుఖంగా ఉండొచ్చు. ఒత్తులు, గుడిదీర్ఘాలు ఇరికించాల్సిన మనకు ఫైన్ అంటే ఫైనే కావాలి.

రెండోది, అసలైనది, గీత మొదలవకపోవడం. తెలుగులో ఒక్క అక్షరానికే పెన్ను రెండు మూడుసార్లు లేస్తుంది: ముందు అక్షరం ఒళ్లు, తర్వాత తలకట్టు, ఆపైన ఒత్తు. లేపి ఆనించిన ప్రతిసారీ గీత వెంటనే పడాలి. ఈ పెన్నుతో తలకట్టు సగం నుంచి మొదలవుతోంది, కొన్నిసార్లు పడటమే లేదు. కాస్త నొక్కితే మాత్రం పడుతుంది.

10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో (లూప్‌లో) మొనను ఎదురుగా చూస్తే కారణం కనిపిస్తుంది. చీలికకు రెండు వైపులా ఉన్న కొనలు ఎత్తు సమంగానే ఉన్నాయి. ఎగుడుదిగుడుగా ఉంటే ఒక దిక్కున గీరుకునేది, ఇక్కడ ఆ గీరుడు లేదు. కానీ చీలిక లోపలి అంచులు బాగా గుండ్రంగా అరిగి ఉన్నాయి. పెన్నులు సేకరించేవాళ్లు బేబీ బాటమ్ అనేది దీన్నే. ఇంకు చీలిక చివరిదాకా వచ్చి ఆ గుంటలో ఆగిపోతుంది, కాగితాన్ని తాకదు. నొక్కినప్పుడు కొనలు విచ్చుకుని తాకుతుంది. బఫింగ్ చక్రం మీద పాళీని అవసరానికి మించి నున్నచేస్తే వచ్చే లోపం ఇది. పాళీ జారుతోంది కదా అని మీవాళ్లు పాస్ చేసి ఉంటారు. అంటే 400 రూపాయలు పుచ్చుకుని చేసిన ట్యూనింగే దీన్ని పాడుచేసిందని నా అనుమానం.

12000 గ్రిట్ మైక్రోమెష్‌ను (అతి నున్నని గరుకు కాగితం లాంటిది) నీళ్లతో తడిపి, దాని మీద పాళీని చేతి బరువు పడకుండా కొద్దిగా తిప్పుతూ మధ్యమధ్యలో లూప్‌లో చూసుకుంటే ఆ గుంట తగ్గుతుంది. ఆ పని నేను చేయగలను. చేస్తే వారంటీ పోతుందని మీ నిబంధనల్లోనే ఉంది కాబట్టి ముట్టుకోలేదు.

మూడోది, పాళీకీ, దాని కింద ఉండి ఇంకు అందించే ఫీడ్‌కీ మధ్య సందు. దీపానికి ఎదురుగా పక్కనుంచి చూస్తే గాలిరంధ్రానికి ముందు వెలుగు కనిపిస్తోంది. 80 జీఎస్‌ఎం కాగితం ముక్క, అంటే సుమారు 0.1 మి.మీ. మందం, అందులో తేలిగ్గా దూరుతోంది. సందు ఉన్నచోట ఇంకు ధార తెగుతుంది. అందుకే పేజీ మధ్యలో రాత పలచబడి, పెన్నును ఒకసారి విదిలిస్తే బొట్టు పడుతోంది. ఇది పెద్ద పనేం కాదు. పాళీ, ఫీడ్ రెండూ బయటికి తీసి, మరిగించి దించిన నీళ్లలో అర నిమిషం ఉంచాలి. ఇబోనైట్ ఫీడ్ మెత్తబడగానే దాన్ని కిందనుంచి పాళీకి అదిమి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. పెన్ను ఒంటిని మాత్రం ఆ నీళ్లలో వేయకూడదు, ఇబోనైట్ రంగు మారిపోతుంది. పార్సెల్ కట్టేముందు మీ దగ్గర జరగాల్సిన పని ఇది.

ఐడ్రాపర్ అన్నాక కారడం మామూలే అని మీరు చెప్పినదాంట్లో సగం నిజం. ఐడ్రాపర్‌లో ఇంకు మూడో వంతుకు తగ్గాక, చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది. అది ఆ రకం పెన్ను గుణం, దానికి మిమ్మల్ని అనను. కానీ నిండుగా పోసినప్పుడే బ్యారెల్ (ఇంకు ఉండే గొట్టం), సెక్షన్ (వేళ్లతో పట్టుకునే భాగం) కలిసే మర చుట్ల దగ్గర ఇంకు ఊరి వేళ్లకు అంటుకుంటోంది. అక్కడ కారకుండా ఆపే ఓ-రింగు లేదు, సిలికాన్ గ్రీజు రాసిన జాడ లేదు, పెట్టెలో గ్రీజు డబ్బీ కూడా లేదు. పెట్టెలో ఉన్నది డ్రాపర్, బట్ట సంచి, ఒక కార్డు.

మీ కస్టమర్ కేర్ సలహాలు కూడా రాయాలి. ఇంకు మార్చమన్నారు. నేను ముందు పోసిన పెలికాన్ 4001 కాస్త తక్కువగా పారే ఇంకు, గీత మొదలవకపోతే దాని మీద అనుమానపడటం సబబే. కానీ వాటర్‌మన్ నీలంతోనూ, కామ్లిన్ రాయల్ బ్లూతోనూ అదే తంతు. పాళీ కడగమన్నారు. నూనె జిడ్డు ఉంటే పోతుందని గోరువెచ్చని నీళ్లలో చుక్క గిన్నెల సబ్బు వేసి కడిగాను, మార్పు లేదు. "వంద పేజీలు రాస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు. మొన మీద అతికించే గట్టి మిశ్రమలోహం వంద పేజీలకు అరిగేది కాదు. ఈ సలహా ఇచ్చినవాళ్లు పాళీ గురించి ఆలోచించలేదు, వాపసు గడువు దాటించడం గురించి ఆలోచించారు.

'జర్మన్ పాళీ' అన్న ప్రకటన సంగతి. పాళీ మీద ఉన్న ముద్ర 'ఇరిడియం పాయింట్ జర్మనీ'. అది ఏ కంపెనీ పేరూ కాదు, జర్మనీలో చేయని పాళీల మీద కూడా అదే ముద్ర వస్తుంది. బెర్లిన్ జోవో కంపెనీదా, హైడెల్‌బర్గ్ బాక్ కంపెనీదా? రాతపూర్వకంగా చెప్పండి. దేశీ పాళీ అయినా నాకు చిన్నతనం లేదు, కాన్‌రైట్, అంబిషియస్ పాళీలు చక్కగా రాస్తాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే చాలు.

పెట్టెలోని కార్డు మీద స్వదేశీ గొప్పతనం, 1935లో గాంధీజీ రాజమండ్రి రత్నం పెన్ను గురించి రాసిన ఉత్తరం ప్రస్తావన ఉన్నాయి. ఆ పెన్నుకూ మీకూ సంబంధం లేదు, అది అలా ఉంచండి. గాంధీజీ ఆ పెన్నుతో రాసి చూశాకే బాగుందన్నారు. ఒకవేళ బాగా లేకపోయి ఉంటే, మీ నియమం ప్రకారం ఆయన కూడా దాన్ని వెనక్కి పంపడానికి వీల్లేదు.

నేను అడిగేది పెన్ను డబ్బు కాదు. నా పాళీ, ఫీడ్ తీసుకుని, ఒకదానికొకటి వేడితో సరిచేసి, ఇంకు ముంచి రాసి చూసిన కొత్త జత పంపండి. పాళీ ఒక్కటే పంపితే కుదరదు. ఇది మరతో బిగించే యూనిట్ కాదు, నొక్కి దూర్చే రకం. పాళీ వంపు ఫీడ్ లావుకు సరిపోకపోతే సందు మళ్లీ వస్తుంది. రాసి చూసిన కాగితం కూడా జతచేయండి, దాని మీద తెలుగు అక్షరాలు ఉంటే మరీ మంచిది. ట్యూనింగ్ 400 రూపాయలు, రానూపోనూ కొరియర్ ఖర్చు మీరు భరించాలి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైనులో నమోదు చేసి, నేనుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఈ మొత్తానికి అక్కడ ఫీజు కూడా లేదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతపరిచినవి: బిల్లు నకలు, 1200 డీపీఐ స్కాన్, లూప్‌లో తీసిన మొన ఫోటోలు, సందులో కాగితం దూర్చి తీసిన ఫోటో, కస్టమర్ కేర్ జవాబులు.