ఈ సంక్రాంతికి గ్యాస్ గ్రిల్లు కొనేవాళ్లకు మా కొట్టు నుంచి

మా ఖాతాదారులందరికీ నమస్కారం. ఈ దసరా నుంచి అమలాపురం కొట్టులో మూడు సంగతులు మారాయి. 202 రకం స్టీలు గ్రిల్లులు తేవడం మానేశాం. రెండు బర్నర్ల గ్రిల్లు 14,500 నుంచి 17,800 రూపాయలయింది, మూడు బర్నర్లది ఇప్పుడు 25,500. ఇక పోయిన సంక్రాంతికి ముందు మా దగ్గర కొన్నవాళ్లు మూత వెనకున్న కీలు స్క్రూలు ఒకసారి చూసుకోవాలి, అందులో తప్పు మాదే. పెరిగిన డబ్బు ఏ భాగంలోకి పోయిందో మీకు తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాం. కాకినాడలో కొన్నా భీమవరంలో కొన్నా ఇవే చూసుకోండి.

కోనసీమలో గ్రిల్లుకు అసలు శత్రువు ఉప్పు. సముద్రపు గాలి ఒకటి, రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటే లేచే తుంపర ఇంకొకటి, ఏడాది పొడుగునా ఉండే తేమ మరొకటి. హైదరాబాదులో ఏళ్ల తరబడి నిగనిగలాడే రేకు మలికిపురం, సఖినేటిపల్లి వైపు రెండు వానాకాలాలకే పొడలు పొడలుగా తుప్పు పడుతుంది. 304 స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ సగానికి తగ్గించి ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. అందుకే అది చవక, అందుకే ఉప్పుగాలికి ఆగదు. కొత్తలో పక్కపక్కన పెడితే మాకు కూడా కంటితో తేడా తెలియదు.

చాలామంది అయస్కాంతం తెచ్చి పెట్టి చూస్తారు. దాంతో తెలిసేది నికెల్ లేని 430 రకం స్టీలు ఒక్కటే, దానికి గట్టిగా అంటుకుంటుంది. 202కీ 304కీ రెండింటికీ అంటుకోదు కాబట్టి ఆ పరీక్షను నమ్ముకుంటే మోసపోతారు. స్టీలు షాపుల్లో ఒక చుక్కమందు ఉంటుంది. రేకు మీద ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనిస్తే 202 మీద ఎర్రబడుతుంది, 304 మీద ఎర్రబడదు. మా కౌంటరు మీదే ఆ సీసా పెట్టాం, మీరే వేసి చూడొచ్చు. ఎక్కడ కొన్నా బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ గ్రిల్లు అక్కడే వదిలేయండి. 304కి కూడా సముద్రం పక్కన టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు వస్తాయి. అవి పైపైవే, తుడిస్తే పోతాయి, కంగారు పడొద్దు.

ఇక ఆ స్క్రూల సంగతి. మూత పూర్తిగా ఎత్తి వెనక్కి వెళ్లి కీలు చూడండి. స్క్రూ తల చుట్టూ గోధుమరంగు రింగు కట్టి, అక్కడి నుంచి సన్నటి గీత కిందికి కారి ఉంటే ఆ స్క్రూ మామూలు ఇనుపది. తడిలో స్టీలును ఆనుకుని ఉన్న ఇనుము విడిగా ఉన్నప్పటికన్నా తొందరగా తినేస్తుంది, కాబట్టి తుప్పంతా ఆ స్క్రూ మీదే పడుతుంది. గ్రిల్లులు మాకు పంపేవాళ్లు ఒక లాటుకు ఇవి వేసి పంపారు, మేం విప్పి చూడకుండా అమ్మాం. ఒక్కో గ్రిల్లుకు ఆరు స్క్రూలు, ఊరికే మారుస్తాం, బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. రాలేనివాళ్లకు స్టీలు స్క్రూలు కొరియర్‌లో పంపుతాం. పట్టేసిన స్క్రూను బలవంతంగా తిప్పితే తల విరిగిపోతుంది. ముందురోజు రాత్రి నాలుగు చుక్కల కిరోసిన్ గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ వేసి ఉంచి, పొద్దున తిప్పండి.

గ్రిల్లులో అన్నిటికన్నా ముందు పోయేది బర్నరు. పలుచటి రేకును గొట్టంలా చుట్టి అతికిన బర్నర్లలో ఆ అతుకు వెంటే తుప్పు మొదలవుతుంది. రెండు చిల్లులు కలిసి ఒక్కటైనచోట మంట పసుపుగా పొడుగ్గా లేస్తుంది. అక్కడ చేప మాడుతుంది, పక్కన పచ్చిగా ఉండిపోతుంది. ఇత్తడి బర్నరుకు చిలుము పడుతుందే గానీ చిల్లులు పెద్దవి కావు. పోత ఇనుము బర్నరు పొట్టు రాలుస్తుంది, అయినా మందం ఉంది కాబట్టి ఏళ్లు లాగుతుంది, ఏడాదికోసారి చిల్లుల్లో సూది పెట్టి శుభ్రం చేయాలంతే. మేం ఈసారి ఇత్తడికే వెళ్లాం. ధర పెరగడానికి సగం కారణం ఇదే. ఏ గ్రిల్లుకైనా డబ్బు కట్టేముందు ఇదే బర్నరు విడిగా దొరుకుతుందా, ఎంత, ఎన్ని స్క్రూలు విప్పితే బయటికొస్తుంది అని అడగండి. విడిభాగం దొరకని గ్రిల్లు ఎంత చవకైనా చివరికి ఖరీదే.

జాలీ విషయంలో మాకు పోత ఇనుమే ఇష్టం. వేడిని పట్టి ఉంచుతుంది, పండుగప్ప చేప తోలు అంటుకోకుండా కాలుతుంది. కాకపోతే నూనె పట్టించాలి. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాసేస్తారు. అది గట్టి పొరగా కట్టదు, జిడ్డుగానే ఉండి కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది. పొద్దుతిరుగుడు నూనె పలుచగా గుడ్డతో రాసి, మూత వేసి, అరగంట సేపు బాగా కాల్చండి. ఇలా మూడుసార్లు చేస్తే నల్లటి పొర కడుతుంది. ఎనామిల్ పూత జాలీలు చూడ్డానికి బాగుంటాయి. అట్లకాడ దెబ్బకు పూత పెచ్చు లేచిందంటే అక్కడి నుంచి తుప్పు లోపలికి పాకుతుంది. క్రోమ్ పూత సన్నకడ్డీల జాలీ అసలు వద్దు.

పక్క బర్నరు, మూతలో దీపాలు, కింద తలుపుల బీరువా, వీటికి డబ్బు పెట్టకండి. కనీసం రెండు బర్నర్లు ఉండాలి, దానికి మాత్రం కారణం ఉంది. ఒకటి వెలిగించి రెండోది ఆపి, ఆపినవైపు కోడి పెట్టి మూత వేస్తే మాడకుండా లోపలిదాకా ఉడుకుతుంది. లోపలి వేడి 74 డిగ్రీలు దాటిందాకా కోడిని తీయకండి. కొలత కూడా చూసుకోవాలి. కేజీ పండుగప్ప సుమారు 16 అంగుళాల పొడుగుంటుంది. రెండు బర్నర్ల గ్రిల్లులో జాలీ 18 అంగుళాలే, ఒక చేప ఇరుగ్గా పడుతుంది. మూడు బర్నర్లదాంట్లో 24 అంగుళాల జాలీ మీద మూడు చేపలు హాయిగా పడతాయి. పండక్కి పదిమంది చేరే ఇల్లయితే మూడోది పనికొస్తుంది, నలుగురికి రెండు చాలు.

గ్యాసు ఎంత తాగుతుందని అందరూ అడుగుతారు. మా బర్నరు ఒక్కొక్కటి 3 కిలోవాట్లు. మూడూ ఫుల్లుగా పెడితే గంటకు సుమారు 700 గ్రాములు, అంటే 14.2 కేజీల బండ 20 గంటలు వస్తుంది. రొయ్యలకు ఫుల్లు కావాలి, చేపకు మధ్యస్తం చాలు. ఇంట్లో వండుకోవడానికే ఇంటి బండ. గ్రిల్లు బండి పెట్టి అమ్ముకునేవాళ్లు 19 కేజీల కమర్షియల్ బండే వాడాలి, ఇంటి బండ వాడటం చట్టరీత్యా తప్పు.

రెగ్యులేటరు ఇంటి స్టవ్‌కు వాడే 30 మిల్లీబార్ల ఒత్తిడిదే. హోటల్ భట్టీలకు పెట్టే హైప్రెషర్ రెగ్యులేటరు తగిలిస్తే మంట బర్నరును వదిలి పైకి ఎగురుతుంది, నాబ్‌ల దగ్గర లీకవుతుంది. నారింజ రంగు సురక్ష పైపు మీటరున్నర మించకుండా వేసుకోండి, లోపల ఉక్కుతీగ ఉంటుంది కాబట్టి ఎలుక కొరికినా తెగదు. ఐదేళ్లకోసారి మార్చేయాలి. అమెరికా నుంచి పిల్లలు పంపిన గ్రిల్లులు చాలా ఇళ్లలో వాడకుండా పడి ఉన్నాయి. వాటి మరచుట్టు ఫిట్టింగు మన బండకు పట్టదు, రెగ్యులేటరూ పైపూ మార్చాలి. జెట్టంటే బర్నరులోకి గ్యాసు చిమ్మే సన్నచిల్లు ముక్క. ప్రొపేన్ జెట్లున్నవి మన గ్యాసుకు పనిచేస్తాయి. మన గ్యాసులో బ్యూటేన్ కూడా ఉంటుంది కాబట్టి మంట కొస పసుపెక్కితే బర్నరు మూతి దగ్గర గాలి వెళ్లే రింగు కొంచెం తెరవాలి. నేచురల్ గ్యాసు, అంటే పైపుల్లో వచ్చే గ్యాసు జెట్లున్నవి మాత్రం మార్చకుండా బండకు తగిలించొద్దు, వాటి చిల్లు పెద్దది, మంట మీదికి వస్తుంది. పైపు గ్యాసు వచ్చిన ఇళ్లవాళ్లకు ఇదే తిరగేసి వర్తిస్తుంది, బండ జెట్టుతో అక్కడ మంట నీరసంగా ఉంటుంది.

దొడ్లో ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలండి. కొబ్బరిచెట్టు కింద వద్దు, కాయ పడితే మూత సొట్ట, ఎండుమట్ట పడితే మంట. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పాకి పల్లంలో నిలుస్తుంది. అందుకని నుయ్యికి, మురుగు గొట్టానికి, సంపుకు దూరంగా బండ పెట్టాలి. బిగించిన ప్రతిసారీ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ చూడొద్దు. మూత తెరిచే వెలిగించాలి. అయిదు సెకన్లలో అంటుకోకపోతే ఆపేసి అయిదు నిమిషాలు ఆగాలి. వాసన వస్తే బండ కట్టేసి గ్యాసు లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి.

నెలరోజులు వాడకపోతే కందిరీగలు బర్నరు మూతిలో మట్టిగూడు కడతాయి, సాలీళ్లూ చేరతాయి. అప్పుడు గ్యాసు ముందుకు పోలేక నాబ్ దగ్గరే మంట వెనక్కి తన్నుతుంది. వెంటనే బండ కట్టేసి, చల్లారాక బర్నరు తీసి, పాలసీసాలు కడిగే బ్రష్షుతో గొట్టం ఆ చివరిదాకా తోయండి. కొత్త గ్రిల్లులకు గాలి వెళ్లే మూతికి సన్న స్టీలు జల్లెడ మేమే కట్టి ఇస్తున్నాం.

కడగడంలోనే చాలా గ్రిల్లులు పాడవుతున్నాయి. తీరం మండలాల్లో బోరునీళ్లు ఉప్పు. వాటితో కడిగి ఆరబెడితే ఉప్పు రేకు మీదే ఉండిపోతుంది. చివర్న మంచినీళ్లతో తుడవాలి. బ్లీచింగు వేయొద్దు. ఇనుప పీచుతో రుద్దితే దాని నలకలు స్టీలులో దిగి అవే తుప్పు పడతాయి. గోరువెచ్చగా ఉండగా కొబ్బరిపీచుతో రుద్దితే చాలు, చక్కగా వదులుతుంది. చేపకు పట్టించిన ఉప్పు, నిమ్మరసం కారిన పళ్లెం ఆ రాత్రే కడగండి. టార్పాలిన్ నేలదాకా బిగించి కడితే తేమ లోపలే ఉంటుంది, కింద జానెడు వదలండి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజుల్లో జాలీలూ బర్నర్లూ తీసి ఇంట్లో పెట్టుకోండి.

ఏడాదికి రెండుసార్లే కాల్చుకునేవాళ్లు అసలు గ్యాస్ గ్రిల్లు కొనొద్దు. సగానికి కోసిన డ్రమ్ము, మీ దొడ్లోని కొబ్బరిచిప్పల బొగ్గు చాలు, ఆ పొగ రుచి గ్యాసుకు రాదు కూడా. నెలకు రెండు ఆదివారాలైనా వాడేవాళ్లకే 17,800 గిట్టుబాటు.

భోగికి వారం ముందు నుంచి రిపేర్లు తీసుకోం, అప్పుడు తెస్తే పండక్కి అందించలేం. ధనుర్మాసం మొదట్లోనే తెచ్చేయండి. గ్రిల్లంతా మోసుకురావక్కర్లేదు. బర్నర్లు, జెట్లు, నాబ్‌లు ఒక సంచిలో వేసుకొస్తే చాలు, బండ మాత్రం తేవొద్దు.