బాధ చెప్పుకునే మాటలు కూడా నేర్పండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది కావలి. ఉద్యోగం కోసం ఆరు నెలల్నుంచి ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకుంటా ఉన్నా. మొన్న మా నాయనకి నెల్లూరు ఆస్పత్రిలో చూపించుకోని వచ్చి రాత్రి క్లాసులో కూర్చుంటే మేడమ్ ఎట్టున్నావని అడిగింది, కళ్ళల్లో నీళ్ళు తిరగతా ఉన్నా నాకు నోటికొచ్చింది 'బియెన్', అంటే బాగున్నా అని, అదొక్కటే. ఆమె పాఠం ఆపేసి అప్పుడు నేర్పింది, 'ఎస్తోయ్ అగోబియాదా', అంటే తట్టుకోలేకపోతా ఉన్నా అని, మగవాళ్ళైతే అగోబియాదో అనాల. లాటిన్‌లో గూని అని అర్థమొచ్చే మాట నుంచి వచ్చిందంట, మోత బరువుకి వీపు వంగిపోవడం, నడుం ఇరిగిపోతా ఉందని మనం అనమా? పని అందుకోలేకపోతే 'నో దోయ్ అబాస్తో'. 'ఎస్తోయ్ అస్తా ఎల్ క్వెయ్యో' అంటే మెడదాకా ఉన్నా అని, అచ్చం మన పీకల్దాకా మునిగిపోయా అన్నట్టే. ఆ మాట పైకి అన్నాక నాకు గుండె బరువు దిగిందండీ. కోర్సుల్లో హోటల్ బుకింగు, బేరాలు ముందు నేర్పుతారు, ఇవి మాత్రం ఎప్పటికో. మీ చదువుల పేజీలో వారానికి రెండన్నా ఇట్టాంటి మాటలు తెలుగు అర్థంతో వేయండి, మా వైపు పిల్లలకి పనికొస్తాయి.

- ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా