పత్తి మిల్లు కూలీకి ఈఎస్ఐ ఎందుకు లేదు?

కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ఆదిలాబాద్. మా అమ్మ పదకొండు సీజన్లుగా జిన్నింగ్ (పత్తి నుంచి గింజ వేరు చేసే) మిల్లులో కూలికి పోతోంది. అమ్మకు చిన్నప్పటి నుంచే కొంచెం దమ్ము (ఆయాసం) ఉండేది, చలికాలంలో ఒకటి రెండుసార్లు వచ్చి పోయేది. ఇప్పుడు మిల్లు నడిచినన్నాళ్లూ మంచం మీద కూర్చునే తెల్లవారుస్తోంది.

అమ్మ ఎప్పుడూ ఒక మాట అంటుంది. "ఐతారం ఇంటికాడ ఉంటే పానం నిమ్మళంగ ఉంటది బిడ్డా. సోమారం మిల్లుకు పోయి పొద్దుగూకేసరికి ఛాతీ మీద బండ వెట్టినట్టయితది." దూది దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు వైద్యులు చెప్పే తొలి గుర్తు సరిగ్గా ఇదే: సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజున ఛాతీ బిగపట్టడం. ముదిరితే వారమంతా ఉంటుంది. ఉబ్బసమని మందులు రాసిన డాక్టర్లలో ఒక్కరూ అమ్మను ఏం పని చేస్తావని అడగలేదు.

చేలో ఏరిన పత్తిలో ఎండుటాకు, కాయ పొట్టు కలిసి ఉంటాయి. మిషను గింజ నుంచి దూదిని లాగేటప్పుడు అవన్నీ నలిగి నుసై లేస్తాయి. సద్ది ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను, అమ్మ కనురెప్పల మీద కూడా ఆ నుసే. మూతికి అడ్డం చీర కొంగు ఒక్కటే.

కార్మికులకు వైద్యం, బీమా ఇచ్చే 1948 ఈఎస్ఐ చట్టం మూడో షెడ్యూల్లో బిస్సినోసిస్ వృత్తి వ్యాధిగా ఉండేది. అదే చట్టం సీజనల్ ఫ్యాక్టరీలకు వర్తించేది కాదు. ఆ ఫ్యాక్టరీలు ఏవో చెప్పే నిర్వచనంలో మొట్టమొదటి మాట పత్తి జిన్నింగ్! ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మినహాయింపు పోలేదు. ఇదే దూది స్పిన్నింగ్ మిల్లుకు చేరితే అక్కడి కార్మికులకు ఈఎస్ఐ వర్తిస్తుంది. అదే దూది దుమ్ములో పనిచేసే మా అమ్మకు మాత్రం లేదు. ఇది అన్యాయం, మంత్రి గారూ. పని ఆరు నెలలదే కావచ్చు, అమ్మకు మందులు ఏడాది పొడుగునా కొనాలి.

ఆ నిర్వచనంలోంచి జిన్నింగ్‌ను తీసేయించండి. సవరణకు సమయం పడుతుందంటే, ఈలోగా మిల్లు తెరిచే ముందు ఒకసారి, నడుస్తుండగా ఒక సోమవారం డ్యూటీకి ముందూ తర్వాతా కూలీలకు ఊపిరి పరీక్ష చేయించండి. దుమ్మును లాగేసే యంత్రాలు లేని మిల్లులకు నోటీసులివ్వండి. దసరా దాటగానే పత్తి బండ్లు మళ్లీ మార్కెట్‌కు వస్తాయి, అమ్మ మళ్లీ మిల్లుకు పోతుంది.

ఇట్లు,
ఒక జిన్నింగ్ కూలీ కూతురు,
ఆదిలాబాద్