యాంటీబాడీ రిపోర్టులో పద్ధతి, పలచన కూడా అచ్చు వేయాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా సాయంత్రం వేళ ల్యాబ్ మెట్ల మీదే కవరు చించి రిపోర్టు చదువుకునే తల్లిదండ్రులు కనిపిస్తారు. పిల్లకు మోకాలు వాచిందనో, జ్వరం వదలడం లేదనో రాయించిన పరీక్షల్లో ‘ఏఎన్‌ఏ: పాజిటివ్’ అని ఉంటుంది. డాక్టరు గారి వంతు వచ్చేలోపు ఫోన్లో వెతుకుతారు, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే తిరగబడే జబ్బు) అని వస్తుంది, ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఈ కంగారులో సగం ఆ కాగితం సగమే చెప్పడం వల్ల వస్తోంది. పరీక్ష ఏ పద్ధతిలో చేశారు, సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీటిని) ఎంత పలచన చేసినా పాజిటివ్ నిలిచింది అన్న రెండు ముక్కలు చాలా రిపోర్టుల్లో కనిపించవు.

ఏఎన్‌ఏ అంటే క్రిములతో పోరాడాల్సింది పోయి మన కణాల కేంద్రకం మీదికే తిరగబడే యాంటీబాడీలు (ఒంటి రక్షణ ప్రొటీన్లు). వీటిని పట్టుకోవడానికి నమ్మకమైన పద్ధతి ఇమ్యునోఫ్లోరసెన్స్. హెప్-2 అనే మనిషి కణాలు అంటించిన స్లైడ్ మీద పలచన చేసిన సీరమ్ వేసి, అరగంట ఉంచి కడుగుతారు. మెరిసే రంగు తగిలించిన మరో యాంటీబాడీ వేసి, మళ్ళీ కడిగి, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూస్తారు. కేంద్రకం ఆకుపచ్చగా వెలిగితే పాజిటివ్. 1:80 అంటే ఒక పాలు సీరమ్‌ను ఎనభై పాళ్ళ దాకా పలచన చేసినా ఇంకా వెలుగుతోందని. పుల్ల మజ్జిగలో నీళ్ళు పోస్తూ పోతే ఎంతవరకు పులుపు తెలుస్తుందో చూసినట్టే. ఒక్కో మెట్టుకు పలచన రెట్టింపవుతుంది కనుక 80కీ 160కీ మధ్య ఉన్నది ఒక్క మెట్టే. అదే సీరమ్‌ను మర్నాడు ఇంకొకరు చూస్తే ఆ మాత్రం తేడా వస్తుంది. పోయిన నెల 80, ఈ నెల 160, జబ్బు రెట్టింపయిందని లెక్క కట్టకండి.

ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ ఇది వెలుగుతుంది. 1997లో పలు దేశాల ల్యాబ్‌లు కలిసి ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళలో చూస్తే 1:40 దగ్గర సుమారు 32 శాతం, 1:80 దగ్గర 13, 1:160 దగ్గర 5, 1:320 దగ్గర 3 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. పిల్లల్లోనూ ఇది అరుదేం కాదు. వైరల్ జ్వరాల తర్వాత కొన్నాళ్ళు కనిపించి పోవడమూ ఉంది. చికున్‌గున్యా అయితే కీళ్ళ నొప్పులు కూడా తెస్తుంది కాబట్టి రెండూ కలిసి ఇంకా భయపెడతాయి. 2019 నాటి లూపస్ ప్రమాణాల్లో 1:80 ప్రవేశ అర్హత మాత్రమే. ఆ తర్వాత జ్వరం, చర్మం, కీళ్ళు, కిడ్నీ, రక్తకణాలు, కాంప్లిమెంట్ (యాంటీబాడీలకు తోడుగా పనిచేసే రక్తంలోని ప్రొటీన్లు), ప్రత్యేక యాంటీబాడీలు అంటూ మార్కులు వేసుకుంటూ పోయి పది చేరాలి, అందులో ఒక్కటైనా ఒంట్లో కనిపించే లక్షణం ఉండాలి. లూపస్ అనుమానం నిజంగా ఉంటే డీఎస్ డీఎన్‌ఏ (డీఎన్‌ఏ మీదికి తిరగబడే యాంటీబాడీ), సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లతో పాటు మూత్రంలో ప్రొటీన్ చూడాలి. వేలు పోసి చేయించే యాంటీబాడీల ప్యానెల్ చెప్పని కిడ్నీ సంగతి ఆ చవక పరీక్ష చెబుతుంది.

రిపోర్టులో 1:160 లాంటి అంకె లేకుండా 1.4 అనో 22 యూనిట్లనో ఉంటే అది ఎలైసా (రంగు మార్పును కొలిచి అంకె ఇచ్చే పద్ధతి) లేదా మెషీన్ పద్ధతి. ఎంత దాటితే పాజిటివ్ అన్నదానికి ఒక్కో కిట్‌కు ఒక్కో హద్దు. రెండు ల్యాబ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. లూపస్ అదుపులో ఉందా అని మళ్ళీ మళ్ళీ చూడాల్సింది డీఎస్ డీఎన్‌ఏ, అదీ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో. పాజిటివ్ అని తేలిన ఏఎన్‌ఏని మూడు నెలలకోసారి చేయించడం దండగ.

కీళ్ళవాపు పిల్లల విషయంలో పొరపాటు రెండో వైపు నుంచి జరుగుతుంది. ‘ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్, కీళ్ళ జబ్బు లేదు’ అని ఇంటికి పంపేస్తారు. పిల్లల ఆర్థరైటిస్‌లో ఆర్‌ఏ ఫ్యాక్టర్ (పెద్దవాళ్ళ కీళ్ళవాతంలో చూసే యాంటీబాడీ) పాజిటివ్ అయ్యేది కొద్దిమందికే. పదహారేళ్ళ లోపు మొదలై, ఆరు వారాలు దాటినా వాపు తగ్గక, వేరే కారణం దొరకకపోతే ఆ జబ్బు అంటారు, నెగటివ్ కాగితం దాన్ని కొట్టేయలేదు. ఇక్కడ ఏఎన్‌ఏ పని వేరు, అది కంటికి కాపలా. ఏడేళ్ళ లోపే మొదలై, నాలుగు కీళ్ళకు మించకుండా, ఏఎన్‌ఏ పాజిటివ్ ఉన్న పిల్లలకు కంటి లోపల వాపు వచ్చే ప్రమాదం ఎక్కువ. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, పిల్ల ఏమీ చెప్పదు. అందుకే మొదటి నాలుగేళ్ళు మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ పరీక్ష (సన్నని వెలుగు వేసి కంటి లోపల పెద్దదిగా చూడటం) తప్పదు. కళ్ళద్దాల కోసం అక్షరాలు చదివించే పరీక్ష దీనికి సరిపోదు.

ఏఎస్‌ఓ గురించి కూడా చెప్పాలి. గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ క్రిమి విషానికి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీ అది. ఆ ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయిందని మాత్రమే చెబుతుంది. బడి ఈడు పిల్లల్లో 200 దాటడం మామూలు. ఆ ఒక్క అంకె చూసి రుమాటిక్ జ్వరం (ఆ గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత కీళ్ళను, గుండెను పట్టే జబ్బు) అని 21 రోజులకో పెనిసిలిన్ సూది మొదలుపెట్టడం ఇంకా అక్కడక్కడా ఉంది. అలాగని ఇప్పటికే నడుస్తున్న సూదిని ఈ ఉత్తరం చదివి ఆపకండి. గుండె ఎకో ఏం చెప్పింది, ఏ లక్షణాలు చూసి మొదలుపెట్టారు అని డాక్టరు గారిని అడగండి.

గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకు చేసే టీటీజీ-ఐజీఏ యాంటీబాడీ పరీక్షలో మన తిండే అడ్డం వస్తుంది. పిల్ల గోధుమ తింటూ ఉన్నప్పుడే ఆ యాంటీబాడీ పట్టుబడుతుంది. ఇడ్లీ రవ్వ బియ్యానిది, లెక్కలోకి రాదు. ఉప్మా రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు వస్తాయి. అనుమానం రాగానే ముందు ఇవన్నీ మాన్పించి ఆ తర్వాత పరీక్షకు వస్తే నెగటివ్ రావచ్చు. రక్తంలో ఐజీఏ రకం యాంటీబాడీలు మొత్తం ఎంతో కూడా కలిపి చేయించాలి. అదే తక్కువగా ఉంటే టీటీజీ-ఐజీఏ నెగటివ్‌కు విలువ లేదు, ఐజీజీ రకం చేయాలి. థైరాయిడ్ మీదికి తిరగబడే టీపీఓ యాంటీబాడీ సంగతి ఇంత లేదు. ఒకసారి పాజిటివ్ అయితే చాలు, మందు మోతాదు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 హార్మోన్లు చూసి మారుస్తారు.

రక్తం ఇచ్చేముందు చెప్పాల్సినవి. కవసాకికో (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) ప్లేట్‌లెట్లు పడిపోయినందుకో ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించి ఉంటే, దాతల యాంటీబాడీలు కొన్ని నెలలు పిల్ల రక్తంలో తిరుగుతాయి, రిపోర్టు ఎవరిదో తెలియదు. వీలైతే ఐవీఐజీకి ముందే సీరమ్ తీసి పెట్టించండి. జుట్టు కోసమని ఇచ్చే బయోటిన్ గమ్మీలు కొన్ని మెషీన్ పరీక్షలను, ముఖ్యంగా థైరాయిడ్ వాటిని, తప్పుదారి పట్టిస్తాయి. డాక్టరుకు చెప్పి రెండు మూడు రోజుల ముందే ఆపాలి. సీహెచ్50 (కాంప్లిమెంట్ మొత్తం సరిగా పనిచేస్తోందా అని చూసే పరీక్ష) రాస్తే మే నెల ఎండలో కలెక్షన్ సెంటరు బల్ల మీద ట్యూబు ఉండకూడదు. వేడికి కాంప్లిమెంట్ చచ్చిపోయి లేని లోటు చూపిస్తుంది. వెంటనే సీరమ్ వేరుచేసి గడ్డకట్టించే ల్యాబ్‌లోనే ఇవ్వండి.

మా జిల్లాల ల్యాబ్‌ల యజమానులకు మా మనవి ఇది: ఏఎన్‌ఏ ఫలితం కింద పద్ధతి, ఎంత పలచన దగ్గర ఆగింది, ఏ ఆకృతిలో వెలిగింది, కిట్ హద్దు ఎంత అన్న నాలుగు సంగతులు అచ్చు వేయండి. నమూనా హైదరాబాదుకో ముంబైకో పంపితే ఆ ల్యాబ్ అసలు రిపోర్టునే జత చేయండి. మీ లెటర్‌హెడ్ మీద తిరగరాసేటప్పుడు రాలిపోతున్నవి ఆ వివరాలే.

ఇట్లు,
రక్తపరీక్షల విభాగంలో పనిచేసే ఇద్దరు,
గుంటూరు