పాత ఫేస్‌బుక్ పేజీ ఇక మాది కాదు: తల్లిదండ్రులకు మనవి

పర్లాకిమిడిలో మా ట్యూషన్‌కు పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులందరికీ నమస్కారం. మా ట్యూషన్ పేరుతో ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపిస్తున్న పాత పేజీలతో నాకు ఇక ఏ సంబంధమూ లేదు. వాటిలో ఉన్న ఫోన్ నంబరు మాది కాదు. కొత్తగా చేరేవారికి మొదటి నెల సగం ఫీజే అన్న ప్రకటన నేను చేసినది కాదు. ట్యూషన్ మూతపడిందన్న మాట కూడా ఊళ్లో తిరుగుతోందని విన్నాను. ట్యూషన్ నడుస్తోంది. వేళలు, ఫీజు, బ్యాచ్‌లు ఎప్పటిలాగే ఉన్నాయి.

ప్రచారమంటే నాకు మొదటి నుంచీ చిరాకేనని మీలో చాలామందికి తెలుసు. అయినా, ఒక ఇంటివారు చెబితే పక్కింటివారు పిల్లలను పంపే రోజులు పోయాయని, ఇప్పుడు తల్లులు ముందు ఫోన్‌లో చూసి ఆ తరువాతే వచ్చి అడుగుతున్నారని నలుగురూ చెప్పగా, ఆ మాటలో నిజం కనిపించి, నిరుడు వేసవిలో ఆ పనిని వేరే ఊరి ఏజెన్సీకి అప్పగించాను. వారు పేజీని తమ ఖాతా నుంచే తెరిచారు. నాకు పోస్టులు పెట్టే అనుమతి మాత్రం ఇచ్చి, పేజీ మీద పూర్తి అధికారం తమ దగ్గరే ఉంచుకున్నారు. ఎందుకని అడిగితే, "అదంతా సాంకేతిక విషయం మాస్టారూ, పేజీ మీదే కదా" అన్నారు. అధికారం ఎవరి చేతిలో ఉంటే పేజీ వారిదే అవుతుందని, అందరినీ తొలగించగలిగేదీ వారేనని అప్పుడు వారు నాకు చెప్పలేదు.

మొదటి పోస్టరులోనే వారి పనితనం బయటపడింది. మన లిపులను సరిగా కూర్చలేని సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు అతికించారేమో, "విజ్ఞానశాస్త్రం" అన్న చోట వత్తు ఊడి, జకారానికి పొల్లు, దాని పక్కన ఞకారం వేరుగా నిలబడ్డాయి. కింది ఒడియా వరుసకూ అదే గతి పట్టింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో మా పేరుతో అలాంటి పోస్టరు వెలువడడం నాకు తలకొట్టేసినట్టయింది. సరిచేయమని అడిగితే, ఫోన్‌లో అంత పరీక్షగా ఎవరూ చదవరని జవాబు వచ్చింది.

ఆ తరువాత డబ్బు కట్టి ప్రకటన నడిపారు. పటంలో మన ఊరి మీద గుర్తు పెట్టి చుట్టూ ఒక వలయం గీస్తే, ఆ వలయంలో ఉన్నవారి ఫోన్లలో ప్రకటన కనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చి, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర వైపు ఉండిపోయిందన్న సంగతి ఆ వలయానికి తెలియదు. ప్రకటన చూసి చేసిన ఫోన్ కాల్స్‌లో ఎక్కువ భాగం పాతపట్నం వైపు నుంచే వచ్చాయి. ఆంధ్ర పదో తరగతి తెలుగు మీడియం చెబుతారా అని ఒకరి తరువాత ఒకరు అడిగారు. మా దగ్గర చెప్పేది ఒడిశా మెట్రిక్, అంటే ఇక్కడి పదో తరగతి పాఠాలు. పుస్తకాలు వేరు, పరీక్ష పద్ధతి వేరు. సరిహద్దు అవతలి ఊళ్లను వలయం నుంచి తీసివేసే వీలు అదే తెర మీద ఉంది. దానిని వాడకపోగా, అన్ని ఫోన్లు తెప్పించామని బిల్లులో గొప్పగా రాశారు. పోస్టరు మీద వేసిన నంబరు కూడా, ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్క చూసుకోవడానికని, తమదే వేసుకున్నారు. ఆ నంబరుకు ఫోన్ చేసిన ఒక తండ్రికి వేరే ట్యూషన్ చిరునామా చెప్పారని ఆయనే స్వయంగా వచ్చి నాతో అన్నారు.

వీటన్నిటినీ సహించాను. సహించలేనిది మెట్రిక్ ఫలితాలు వచ్చిన వారం జరిగింది. మా విద్యార్థిని ఒకరి ఫొటోను పేరెంట్స్ గ్రూపులోంచి తీసుకుని, మార్కులతో సహా పోస్టరు వేసి, కింద "మీ పిల్లలకూ ఇవే మార్కులు గ్యారంటీ" అని రాశారు. వాళ్ల అమ్మగారు సాయంత్రం వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మా పిల్ల ఫొటో ఎవరిని అడిగి పెట్టారు మాస్టారూ?" అన్నారు. వెంటనే తీయమని ఏజెన్సీకి చెప్పాను. ముందు ఆ నెల బిల్లు కట్టండి అన్నారు. ఆ రాత్రే నన్ను పేజీ నుంచి తొలగించారు.

ఇక నేను ఎక్కువగా మథనపడిన విషయానికి వస్తాను. సొంతంగా కొత్త పేజీ తెరిచాక, పిల్లల ఫొటోలు, మార్కులు అందులో పెట్టాలా వద్దా? అవి లేని ట్యూషన్ పేజీని ఎవరూ చూడరన్నది నిజం. మన ఊళ్లోనే గోడల నిండా, ఫోన్ల నిండా అవే ముఖాలు. ఇంకో తండ్రి నన్ను నిలదీశారు కూడా: "మా అమ్మాయి రాత్రింబగళ్లు చదివింది. ఫొటో వేయకపోతే ఆ కష్టం నలుగురికీ ఎలా తెలుస్తుంది?" ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అది ఆశ కాదు, గౌరవం. దానిని కాదనడానికి నాకేం హక్కు ఉందని చాలా రాత్రులు ఆలోచించాను.

చట్టం సంగతీ చూశాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలు వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, విద్యార్థి పేరు, ఫొటో వాడడానికి ఫలితం వచ్చిన తరువాతే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఈ మార్గదర్శకాలు 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకు వర్తిస్తాయి. మాది అంత పెద్దది కాదు. సంతకం తీసుకుంటే నాకు అడ్డు లేదు. అయినా ఒక విషయం మింగుడుపడలేదు. లెక్కల్లో తప్పుతూ వచ్చి చివరికి గట్టెక్కిన పిల్లవాడు ఏ పోస్టరులోనూ ఉండడు. పది ముఖాలు వేసిన పోస్టరు, వేయని ముఖాల గురించి కూడా ఊరందరికీ చెబుతుంది. వాళ్లు మరునాడు అదే బల్ల మీద నా ఎదుట కూర్చోవాలి.

కాబట్టి తల్లిదండ్రులు ఒప్పుకున్నా సరే, మా పేజీలో పిల్లల ఫొటోలు గానీ మార్కులు గానీ ఉండవు. దీనివల్ల అడ్మిషన్లు తగ్గితే తగ్గనివ్వండి. నన్ను నిలదీసిన ఆ తండ్రికి, వాళ్ల అమ్మాయి పేరుతో మంచి కార్డు అచ్చు వేయించి ఇస్తానని చెప్పాను. ఆయన తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవచ్చు. 24 గంటల్లో అది దానంతట అదే పోతుంది, చూసేదీ ఆయన వాళ్లే. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. అమ్మాయిని మాత్రం పంపుతున్నారు.

కొత్త పేజీ నా సొంత ఫోన్ నుంచే తెరిచాను. అందులో బోర్డు, సుద్దముక్క, ఒక లెక్క, దానిని చేసే చెయ్యి మాత్రమే కనిపిస్తాయి. పేరెంట్స్ గ్రూపులో ఒకరి నంబరు మరొకరికి కనిపిస్తోందని కొందరు తల్లులు అభ్యంతరం చెప్పారు గనుక, దానిని రద్దు చేసి, సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించని వాట్సాప్ కమ్యూనిటీకి మారుస్తున్నాను. పాత పేజీలోని నంబరుకు దయచేసి ఎవరూ ఫీజు పంపవద్దు. ఫీజు ట్యూషన్‌లోనే కట్టి రసీదు తీసుకోండి.

ఏజెన్సీ బిల్లులో మిగిలిన మొత్తం నా దగ్గర సిద్ధంగానే ఉంది. ఆ అమ్మాయి పోస్టరు తీసివేసిన రోజున చెల్లిస్తానని వారికి రాతపూర్వకంగా తెలియజేశాను. అంతవరకు ఒక్క రూపాయి కూడా ఇవ్వను.