ఎనిమిది క్లబ్బులు మారితే ఓడిపోయినట్టా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో మా ఫుట్‌బాల్ పిల్లగాడి మీద వచ్చిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ‘11 ఏళ్లు, 8 క్లబ్బులు.. ఎక్కడా నిలవని ఆటగాడు’ అని శీర్షిక పెట్టారు. లోపల అతను కొట్టిన గోల్స్ లెక్క తీసి, ఇన్నేళ్లలో నాలుగే అని తేల్చారు. రాసినాయన ఒక్క మ్యాచ్ అయినా చూశాడా?

అతను మిడ్‌ఫీల్డర్. గోల్ కొట్టేవాళ్లకు వెనక, గోల్ కాపాడేవాళ్లకు ముందు నిలబడి 90 నిమిషాలు చాకిరీ చేసే మనిషి. ఎదుటివాడి కాళ్ల దగ్గరి బంతి గుంజుకోవాలి. తలెత్తి చూసి మనవాడికి అందించాలి. వెనకున్నవాడు ముందుకు ఉరికితే ఆ ఖాళీ జాగాలోకి తాను పోయి నిలబడాలి. ఈ స్థానంలో ఆడేవాళ్లు ఒక్కో మ్యాచ్‌లో 10, 11 కిలోమీటర్లు పరుగెత్తుతారు. అంటే నల్లగొండ నుంచి నార్కట్‌పల్లికి సగం దారి. ఇంత కష్టంలో స్కోరు బోర్డు మీదికి ఎక్కేది ఏమీ ఉండదు. గోల్స్ లెక్కతో ఇతని విలువ కట్టడమంటే, ఇల్లు కట్టిన మేస్త్రీని ఎన్ని తలుపులు చేశావని అడగడమే.

ఇక క్లబ్బుల సంగతి. పెద్ద పేరు లేని ఆటగాడికి మన దేశంలో కాంట్రాక్టు ఏడాదికో రెండేళ్లకో రాస్తారు. మామూలుగా మే 31తో అది ముగుస్తుంది. కోచ్ మారితే కొత్తాయన తనవాళ్లను తెచ్చుకుంటాడు. విదేశీ ఆటగాడు వస్తే ముందు బెంచి మీదికి పోయేది ఇలాంటివాడే. మోకాలు దెబ్బతింటే ఆ ఏడు పోయినట్టే. జూన్ వచ్చిందంటే ఇతని నుంచి నాకు ఫోన్ వచ్చేది. ‘సార్, ఇంకా ఎవరూ పిలవలేదు’ అనేవాడు. ఆగస్టులో ఎక్కడో ఒకచోట కుదిరాక మళ్లీ చేసేవాడు. గోవాలో ఒక సీజన్, కోల్‌కతాలో రెండు. ఒక క్లబ్బు నాలుగు నెలల జీతం ఇవ్వకుండా పంపించింది. ఏ క్లబ్బూ దొరకని ఏడాది కేరళకు పోయి, జట్టుకు ఏడుగురే ఆడే సెవెన్స్ టోర్నీల్లో మ్యాచ్‌కు ఇంతని ఆడి ఇంటికి డబ్బు పంపాడు. ఇన్నిసార్లు తీసేసినా ఇన్నిసార్లు మళ్లీ పిలిపించుకున్నాడంటే ఆటలో సత్తా ఉండబట్టే కదా! దాన్ని పట్టుకుని నిలవనివాడు అంటారా?

మిడ్‌ఫీల్డర్ సౌవిక్ చక్రవర్తినే చూడండి. మోహన్ బగాన్, ఢిల్లీ, జంషెడ్‌పూర్, ముంబై తిరిగి హైదరాబాద్‌కు వచ్చాడు. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టులో అతనున్నాడు. ఆ ఫైనల్ 2022 మార్చి 20న గోవాలో జరిగింది. 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది బెంచి మీద నుంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్ సాహిల్ తవోరా. అతను కూడా క్లబ్బులు మారినవాడే. అంతకుముందు తరంలో మన హైదరాబాద్ మిడ్‌ఫీల్డర్ విక్టర్ అమల్‌రాజ్ కోల్‌కతాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. ఆయన్ని ఎవరూ ఇలా తీసిపారేయలేదు.

మీ విలేకరి రాయాల్సింది వేరే ఉంది. గాయంతో ఆట మానుకుని తిరిగొచ్చిన ఈ అబ్బాయి క్రీడా కోటా ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాడు. ఒక ఆఫీసులో, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో మన రాష్ట్రానికి ఆడిన పత్రం తెమ్మన్నారు. రాష్ట్ర జట్టు ఎంపికల సమయానికి అతను క్లబ్బుతో బయట రాష్ట్రంలో ఉన్నాడు. క్లబ్బు వదిలితే కదా వచ్చేది! 11 ఏళ్ల వృత్తి ఆట ఏ ఫారంలోనూ పట్టదట. మూడు నెలలు తిప్పి, చివరికి ఫైలు కనబడటం లేదన్నారు. ఈ నిబంధన ఎందుకు మార్చరో అధికారులను ఒక్కసారి అడిగారా మీరు?

మైదానం సంగతి కూడా చెప్పాలి. నేను 31 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశాను. పిల్లలను నేల మీద బంతి ఆడించిన జాగాలోనే ఇప్పుడు ఎగ్జిబిషన్లు, మీటింగులు. డేరాలు పీకాక గుంజల గుంతలు పూడ్చే దిక్కు లేదు. అలాంటి గుంతలోనే పోయిన వేసవిలో ఎనిమిదో తరగతి పిల్లవాడి చీలమండ విరిగింది. నేను ఇచ్చిన మూడు వినతి పత్రాలకు జవాబు రాలేదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మన హైదరాబాదీ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు, ఆ రోజుల్లో పెద్ద టోర్నీ అయిన రోవర్స్ కప్ గెలిచింది. అలాంటి గడ్డ మీద నుంచి, ఐఎస్‌ఎల్ గెలిచిన క్లబ్బు 2025లో ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంటే, మీ పత్రికలో నాకు కనిపించింది నాలుగు లైన్లే. అదే రోజు క్రికెట్‌కు పేజీన్నర ఇచ్చారు. ఒకప్పుడు మీ క్రీడా పేజీలో జిల్లా స్కూళ్ల మ్యాచ్‌ల ఫలితాలు కూడా వచ్చేవి. ఆ కత్తిరింపులు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

ఆ అబ్బాయి ఇప్పుడు రోజూ పొద్దున ఐదున్నరకు మైదానానికి వస్తాడు. 30 మంది పిల్లలు, ఆరు బంతులు. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. పోయిన నెల తన ఖర్చుతోనే కోచింగ్ ‘డి’ లైసెన్స్ కోర్సు చేసి వచ్చాడు. మీ వార్త వచ్చిన మరునాడు కూడా వచ్చాడు. ఒక పిల్లవాడి తండ్రి పేపర్ చేతిలో పట్టుకుని, ఇతని దగ్గర నేర్చుకుంటే ఏమొస్తుందని అందరి ముందే అడిగాడు. అతను ఏమీ అనకుండా కోన్లు పేర్చుకున్నాడు. ఆ పిల్లవాడు మర్నాటి నుంచి రావడం లేదు.

మీ విలేకరిని ఒక్కరోజు ఐదున్నరకు పంపండి. ఆ శీర్షికకు సవరణ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పీఈటీ,
నల్లగొండ